దూరపు కొండలు - కెమెరా కన్ను

దూరపు కొండలు నునుపు అను సామెత ఎరుగని తెలుగువారుండరు. దూరమున నున్న వస్తువులోని ఎగుడుదిగుడులు కంటికి తెలియవనుట దాని భావము. కొత్తవలస రైల్వేస్టేషను వద్ద నిలువబడి వాయవ్యదిక్కునకు చూచువారికి ఈ సామెతలోని సత్యము తేటపడును. అచ్చటినుండి చూడగా అనంతగిరి కొండలు నీలివర్ణపు తెరవలె కనబడును. చెట్లు, బండలు, లోయలు వేరువేరుగా తోచవు. ఆ కొండలలోనికే కొత్తవలస నుండి ఒక రైలుమార్గము పోవుచున్నది. బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు తెచ్చుటకై 1960వ దశకమున నిర్మింపబడిన కొత్తవలస - కిరండూల్ మార్గమే అది. శృంగవరపుకోట, బొడ్డవర దాటిన పిమ్మట ఆ మార్గము కొండల నెక్కి, సొరంగముల దూరి, లోయలపై వంతెనలను దాటి, సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్న శిమిలిగూడను చేరి, అటుపైన అరకులోయలో ప్రవేశించును.

ఇంతటి సుందరదృశ్యమును దూరమునుండి ఛాయాచిత్రముగా తీయవలెనని ఏ బాలునకు కోరిక కలుగదు? కొత్తవలసలో నుండు ఒక విద్యార్థికి మేనమామ తన పాత కెమెరాను, దానితోపాటు దూరపు వస్తువులను దగ్గరగా చూపు పొడవైన కటకమును ఇచ్చెననుకొనుడు. కటకమునకు దెబ్బ తగులకుండుటకై ఆ బాలుడు అంగడిలో మిక్కిలి చవుకగా దొరకిన ఒక గాజు ఫిల్టరును కొని ముందుభాగమున బిగించెను. ఫిబ్రవరి మాసమున ఒకనాడు మధ్యాహ్నము మూడుగంటలకు కొండలవైపు గురిపెట్టి ఇరువది చిత్రములు తీసెను. ఒక్కటియు బాగుగా రాలేదు. కొండ అంచులు అలుకుకొనిపోయి, చిత్రమంతయు పాలలో ముంచినట్లు తెల్లబారి, ఒకమూల వింతయైన వెలుగుచుక్క కనబడెను. కటకము పనికిరాదని అతడు నిశ్చయించుకొని, పాఠశాల రుసుమునకై ఇంట దాచియుంచిన ధనముతో క్రొత్త కటకమును కొనిపెట్టుమని తండ్రిని వేధింపసాగెను.

ఆ బాలుని నిశ్చయము సరియైనదా? తప్పు కటకమునదా, ఫిల్టరుదా, గాలిదా, చేతిదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకుండ ధనము వెచ్చించుట రోగమెరుగక మందు మ్రింగుట వంటిది. కావున ఒక్కొక్కదానిని విడివిడిగా పరిశీలింతము.

మొదట కటకము చేయు పనిని తెలిసికొనవలెను. దూరపు వస్తువునుండి వచ్చు కాంతికిరణములను కటకము వంచి ఒకచోట చేర్చును. కటకమునకును ఆ చోటునకును నడుమగల దూరమును నాభ్యంతరమందురు. నాభ్యంతరము పెరిగినకొలది దూరపు వస్తువు యొక్క ప్రతిబింబము పెద్దదగును. లెక్క మిక్కిలి సులభము. వస్తువు వెడల్పును నాభ్యంతరముతో గుణించి దూరముతో భాగించిన ప్రతిబింబపు వెడల్పు వచ్చును. ముప్పది కిలోమీటర్ల దూరమున 300 మీటర్ల వెడల్పుగల కొండకొమ్ము ఉన్నదనుకొందము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల సాధారణ కటకము దానిని అర మిల్లీమీటరు బొమ్మగా చూపును. 200 మిల్లీమీటర్ల కటకము 2 మిల్లీమీటర్ల బొమ్మగా చూపును. 36 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫలకముపై ఈ రెండు మిల్లీమీటర్లు పదునెనిమిదవ వంతు మాత్రమే. అంత చిన్న బొమ్మను మరల పెద్దదిగా చేసి చూచుచున్నామన్న సంగతి మరువరాదు. అట్లు పెద్దదిగా చేయునపుడు గుణములతోపాటు దోషములును పెద్దవగును.

నేటి చేతిఫోనులలో వ్రేళ్లతో తెరను సాగదీసి బొమ్మను పెద్దదిగా చేయు సదుపాయము కలదు. కటకములో మార్పులేకుండ బొమ్మను మాత్రము సాగదీసినచో క్రొత్త వివరము చేరదు. పిండి పెంచక నీరు పోసి దోసెను పలుచన చేసినట్లే అది. దూరపు వస్తువులకై ప్రత్యేకముగా పొడవైన నాభ్యంతరముగల కటకము నమర్చిన ఫోనులు వేరు.

ఇక కటకములోని గుణదోషములు. తెల్లని కాంతిలో ఏడురంగులు కలవని, గాజు వానిని వేరువేరుగా వంచునని మీరు సామాన్యశాస్త్రమున చదివియుందురు. ఒకే గాజుబిళ్లతో చేసిన కటకము నీలికిరణములను ఎక్కువగను, ఎర్రకిరణములను తక్కువగను వంచును. కావున రంగులన్నియు ఒకేచోట చేరవు. కొండ అంచున ఊదా, ఎరుపు రంగుల చారలు కనబడుటకు కారణమిదియే. దీనిని వర్ణదోషమందురు. ఈ దోషమునకు మందు లేదని భావించి న్యూటను మహాశయుడు 1668లో కటకమునకు బదులు అద్దముతో దూరదర్శినిని నిర్మించెను. ఏలయన అద్దము అన్ని రంగులను సమముగా పరావర్తనము చేయును. పిమ్మట ఆంగ్లదేశమున రెండు జాతుల గాజులతో ఒక కుంభాకార కటకమును, ఒక పుటాకార కటకమును చేసి జతపరచినచో ఒకదాని దోషమును మరియొకటి చాలవరకు పోగొట్టునని కనిపెట్టిరి. 1758లో జాన్ డాలండు ఈ పద్ధతికి పేటెంటు పొందెను. నేటి మేలిరకపు దూరకటకములలో రంగులను తక్కువగా విడదీయు ప్రత్యేకపు గాజును, ఫ్లోరైటు స్ఫటికమును వాడుచున్నారు. వాని వెల అధికమగుటకు ఇది ఒక కారణము.

మన ఆంధ్రదేశమునందే దూరపు ఛాయాచిత్రములకు గొప్ప చరిత్ర కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు మీదుగా సాగెను. ఫ్రాన్సునుండి జాన్సెను అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చి ఆ గ్రహణమును పరిశీలించెను. అచ్చటనే టెనెంటు అను సైనికాధికారి బృందము వెండిపూత పూసిన అద్దముగల దూరదర్శినితో గ్రహణమును ఛాయాచిత్రములుగా తీసెను. సూర్యుడు పూర్తిగా మరుగుపడియుండు కాలము ఆరు నిమిషములైనను లేదు. ఆ కొద్దికాలములో తప్పు జరిగినచో దిద్దుకొనుటకు మరియొక అవకాశము లేదు. ఇక హైదరాబాదునందు నవాబు జఫర్‌జంగు 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాలను 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించెను. ప్రపంచ దేశములు కలిసి తలపెట్టిన ఆకాశపటమునకై అచ్చటివారు 8 అంగుళముల కటకముతో వేలకొలది నక్షత్రములను గాజుపలకలపై ఛాయాచిత్రములుగా తీసిరి. నక్షత్రమునకు మించిన దూరపు వస్తువేమి కలదు? అట్టి పనికి మంచి కటకము ప్రాణము వంటిది.

కటకము మంచిదైనంత మాత్రమున చాలదు. దాని ముందు ఉంచు ఫిల్టరు కూడ మంచిదై యుండవలెను. గాలినుండి గాజులోనికిగాని, గాజునుండి గాలిలోనికిగాని కాంతి పోవునపుడు ప్రతి తలమువద్దను నూటికి సుమారు 4 పాళ్లు వెనుకకు మరలును. ఫిల్టరునకు రెండు తలములు కలవు గనుక పూతలేని ఫిల్టరు నూటికి సుమారు 8 పాళ్ల కాంతిని మరల్చును. ఇంత నష్టము స్వల్పమే. కాని మరలిన కాంతిలో కొంత ఫిల్టరునకును కటకమునకును నడుమ బంతివలె అటునిటు కొట్టుకొని దారితప్పి చిత్రముపై పడును. చిత్రము తెల్లబారుట, వెలుగుచుక్కలు కనబడుట దాని ఫలితమే. మన బాలుడు తీసిన చిత్రములో మూలనున్న చుక్క అట్టిదే.

ఈ పరావర్తనమును తగ్గించుటకు గాజుపై మిక్కిలి పలుచని పారదర్శకపు పూత పూయుదురు. ఈ విద్య పుట్టుక విచిత్రమైనది. 1892లో డెన్నిసు టైలరు అను ఆంగ్లేయుడు, కాలక్రమమున మెరుపు తగ్గి మసకబారిన పాత కటకములు క్రొత్తవానికంటె ఎక్కువ కాంతిని లోనికి పోనిచ్చుచున్నవని గమనించెను. గాజుపై సహజముగ ఏర్పడిన పలుచని పొరయే అందుకు హేతువు. 1935లో జర్మనీయందు స్మాకులా అను శాస్త్రజ్ఞుడు అట్టి పొరను కృత్రిమముగా పూయు మార్గమును కనుగొనెను. నేడు అనేక పొరల పూతవలన ఒక్కొక్క తలమువద్ద మరలు కాంతి నూటికి ఒక పాలుకంటె తక్కువ కాగలదు.

పూతకంటెను ముఖ్యమైనది తలముల చదును. ఫిల్టరు రెండు తలములును నిండుచదునుగా, ఒకదానికొకటి సమాంతరముగా ఉన్నచో దూరమునుండి వచ్చు కిరణములు దాని గుండ పోయినను చెదరవు. తలము కంటికి తెలియనంత అలలు కలదైనను ఆ గాజు ఒక చెడ్డ కటకమువలె పనిచేసి కిరణములను కొంచెము కొంచెముగా ప్రక్కకు త్రిప్పును. పొట్టి కటకముతో తీసినపుడు ఈ తప్పు బయటపడదు. పొడవైన కటకము దూరపు కొండను పెద్దది చేసినట్లే ఈ తప్పును కూడ పెద్దది చేసి చూపును. కాబట్టి సాధారణ కటకముపై బాగుగనున్న చవుక ఫిల్టరు దూరకటకముపై పనికిరాకపోవుటలో వింత లేదు.

ఫిల్టరు మంచిచెడ్డలను ఇంటివద్దనే కొంతవరకు పరీక్షింపవచ్చును. ఫిల్టరును చేతితో చాచి పట్టుకొని, దాని గుండ దూరపు కిటికీ ఊచను చూచుచు మెల్లగా ప్రక్కకు కదుపవలెను. ఊచ వంకరలు పోయినట్లు తోచినచో ఆ గాజు చదునుకాదు. మరల దానిని గొట్టపుదీపము క్రింద వంచి, గాజులో దీపపు నీడను చూడవలెను. నీడ తెల్లగా, ప్రకాశముగా నున్నచో పూత లేదని, మందమైన ఆకుపచ్చగనో ఊదాగనో ఉన్నచో పూత కలదని గ్రహింపవచ్చును.

కటకము, ఫిల్టరు రెండును ఉత్తమములైనను మిగిలియుండు చిక్కు గాలి. మనకును కొండకును నడుమ ముప్పది కిలోమీటర్ల గాలి కలదు. గాలిలోని అణువులు సూర్యకాంతిని నలుదెసల చెదరగొట్టును. దీనిని పరిక్షేపణమందురు. 1871లో రేలీ ప్రభువు దీనిని గణితముతో వివరించెను. తరంగము పొట్టిదైనకొలది చెదరుట హెచ్చును. ఎర్రకాంతికంటె నీలికాంతి నాలుగురెట్లకు మించి చెదరును. ఆ చెదరిన నీలికాంతియే కొండకును మనకును నడుమ తెరయై నిలుచును. దూరపు కొండలు నీలముగా కనబడుట ఇందువలననే.

నలుపుతెలుపు చిత్రములు తీయు కాలమున ఛాయాగ్రాహకులు ఈ నీలితెరను తొలగించుటకు పసుపు, నారింజ, ఎరుపు ఫిల్టరులను వాడెడివారు. ఎర్రగాజు నీలికాంతిని అడ్డగించి, చెదరని ఎర్రకాంతిని పోనిచ్చును. అపుడు కొండ వివరములు స్పష్టపడును. కంటికి కనబడని పరారుణ కాంతి ఇంకను తక్కువగా చెదరును. అమెరికాలో ఆల్బర్టు స్టీవెన్సు అను వైమానికుడు 1930వ దశకమున పరారుణ కాంతితో విమానమునుండి 300 మైళ్లకు మించిన దూరమునగల శాస్తా పర్వతమును చిత్రించెను. అయితే ఈ లాభమునకు వెల కలదు. ముదురు ఎర్రఫిల్టరు వాడినచో సుమారు 8 రెట్లు ఎక్కువసేపు కాంతిని లోనికి రానీయవలెను. సెకనులో 400వ వంతు చాలినచోట 50వ వంతు కావలసివచ్చును. చేతితో పట్టిన 200 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 200వ వంతుకంటె ఎక్కువసేపు పనికిరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. కావున అట్టియెడ ముక్కాలిపీట తప్పనిసరి. నేటి సంఖ్యారూప కెమెరాతో రంగులలో తీసిన చిత్రమును పిమ్మట నలుపుతెలుపుగా మార్చునపుడు ఎర్రకాంతి భాగమును మాత్రము తీసికొని ఇట్టి ఫలితమునే చాలవరకు పొందవచ్చును. అట్లే అతినీలలోహిత ఫిల్టరు ఫిల్ము కాలమున ఉపయోగించెడిది. నేటి కెమెరాల లోపలనే అట్టి ఏర్పాటు ఉండుటచే అది చాలవరకు కటకమునకు మూతగా మాత్రమే పనికివచ్చును.

పిమ్మట చేయగల మార్పుతో సాధింపలేనిది ధ్రువణ ఫిల్టరు పని. ఇది ఒకేవైపు కంపించు కాంతిని మాత్రము పోనిచ్చును. సూర్యుడు మనకు ప్రక్కగా నున్నపుడు గాలిలో చెదరిన కాంతిలో చాలభాగమును ఇది ఆపగలదు. సూర్యుడు సరిగా వీపువెనుక నున్నపుడు దీని ప్రభావము స్వల్పము. ఈ ధ్రువణ ధర్మమునే సర్ సి. వి. రామను సముద్రముపై వినియోగించెను. ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది. ఆయన తండ్రి అచ్చటి ఎ. వి. ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. ఆ కళాశాల పేరు అంకితం వెంకట నరసింగరావును తలపునకు తెచ్చును. విశాఖలో తన మామగారైన జగ్గారావు నెలకొల్పిన నక్షత్రశాలను పోషించి, 1874లో శుక్రగ్రహము సూర్యబింబముపై నడచుటను పరిశీలించినవాడాయన. రామను 1921లో ఐరోపానుండి ఓడలో మరలివచ్చుచు, నికల్ పట్టకము అను ధ్రువణ సాధనముతో సముద్రపు ఉపరితలమునుండి పరావర్తనమగు ఆకాశకాంతిని తొలగించి చూచెను. నీటి నీలము పోకపోగా మరింత నిండుగా కనబడెను. సముద్రపు నీలిమ కేవలము ఆకాశపు నీడ కాదనియు, నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవనియు ఆయన గ్రహించెను. ఆ విచారణయే క్రమముగా 1928 ఫిబ్రవరి 28వ తేదీన కనుగొనిన రామను ఫలితమునకు, 1930లో నోబెలు బహుమానమునకు దారితీసెను.

ఏ ఫిల్టరునకును లొంగనివి రెండు కలవు. మొదటిది పొగమంచు, దుమ్ము, సముద్రపు తేమ. వీని కణములు అణువులకంటె చాల పెద్దవి. అవి అన్ని రంగులను ఇంచుమించు సమముగా చెదరగొట్టుటచే తెర తెల్లగా నుండును. రంగుగాజు దానిని వేరుచేయజాలదు. రెండవది నేలసెగ. ఎండకు కాగిన పట్టాలమీదను, కోతకోసిన పొలములమీదను గాలి వేడెక్కి పైకి లేచును. వేడిగాలి, చల్లనిగాలి కలగాపులగమై కాంతిని క్షణక్షణము అటునిటు వంచును. అందుచే దూరపు వస్తువు నీటిలోని నీడవలె వణకును. ఎంత వెలగల కటకమైనను ఆ వణకునే మరింత పెద్దదిగా చూపును. దీనికి మందు డబ్బు కాదు, ఓపిక. వానలు వెలసి గాలి కడిగినట్లున్న దినమున, పొగమంచు లేని వేకువ గడచి ఎండ ముదరకముందు తీయుటయే మార్గము. కొత్తవలసవారికి ఉదయమున మరియొక లాభము కలదు. సూర్యుడు తూర్పున వెనుకగా నుండి పడమటి కొండలపై వెలుగు నింపును. మధ్యాహ్నము దాటిన పిమ్మట ఎండ ఎదురై కటకములో పడును, కొండలు చీకటిమొగము పెట్టును.

ఇపుడు మన బాలుని కథకు వత్తము. అతని సామాన్యశాస్త్రపు ఉపాధ్యాయుడు కటకము కొనవలదనియు లేదు, కొనుమనియు లేదు. "ఒక్కొక్కసారి ఒక్కొక్కదానినే మార్చి చూడుము నాయనా" అని చెప్పెను. బాలుడు మరునాడు ఉదయమున కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, కొద్దిదూరమున నున్న నీళ్లట్యాంకుపై వ్రాసిన అక్షరములను మొదట ఫిల్టరుతోను, తరువాత ఫిల్టరు తీసివేసియు చిత్రించెను. ఫిల్టరుతో అలుకుకొనిన అక్షరములు, అది తీయగానే చెక్కినట్లు కనబడెను. అనగా కటకము దోషి కాదు. పిమ్మట ఫిల్టరు లేకయే కొండలను ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి చిత్రించెను. మధ్యాహ్నపు చిత్రము మరల మసకబారెను. అనగా మిగిలిన దోషము ఎండది, గాలిది. తుదకు కటకపు రంధ్రమును నిండుగా తెరచియు, ఒకటి రెండు మెట్లు తగ్గించియు చూచెను. తగ్గించినపుడు అంచులు తేటపడెను. మరీ సన్నము చేసినపుడు మరల మెత్తబడెను. ఇంతకును అతడు వెచ్చించినది ఒక్క దినము. పాఠశాల రుసుము ఇంట భద్రముగ నిలిచెను.

ఫిల్టరు లేనిచో కటకమునకు రక్షణ యేమి? కటకమునకు ముందు తొడుగు నల్లని గొట్టము ప్రక్కవెలుగును ఆపుటయేగాక దెబ్బ తగులకుండను కాపాడును. సముద్రతీరపు తేమకు కటకములో బూజు పట్టును. కావున దానిని తేమపీల్చు సిలికాజెల్ పొట్లములతో మూతగట్టి పెట్టెలో ఉంచవలెను. దుమ్మును మొదట గాలితో ఊది, పిమ్మట మెత్తని బట్టతో తుడువవలెను. చొక్కా చెరగుతో రుద్దినచో ఇసుకరేణువులు పూతను గీరివేయును.

ప్రాణరక్షణ అన్నిటికంటె ముఖ్యము. దూరకటకముగుండ సూర్యుని చూడరాదు. భూతద్దము కాగితమును కాల్చినట్లు అది కంటిచూపును శాశ్వతముగా కాల్చివేయును. మసిపూసిన గాజు, ఎక్సురే ఫిల్ము రక్షణ కావు. సూర్యునికై చేసిన ప్రత్యేక ఫిల్టరు కటకము ముందు అమర్చి, పెద్దల సమక్షమున మాత్రమే అట్టి పని చేయవలెను. చిత్రమునకై రైలుపట్టాలమీదికి పోవుట, పెట్టెలపై కెక్కుట ప్రాణాంతకములు. ఆ మార్గమున తలపైన 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. దూరకటకము కలవాడు దూరముననే నిలువవచ్చును. అందులకే గదా అది పుట్టినది!

దూరపు కొండలు నునుపుగా కనబడుట కన్ను చేయు తప్పు కాదు, వెలుగు నడచు తీరు. ఆ తీరు నెరిగినవానికి పాత కటకమైనను మంచి చిత్రమునిచ్చును. ఎరుగనివానికి ఎంత వెల పెట్టినను మసకయే మిగులును.